ప్రమాణం చేసి పాడాడు

జనవరి 9

నాన్న గ్రీన్ కార్డు ఇంటర్వ్యూ తేదీ వచ్చింది. మార్చి 14.

నన్ను చూడటానికి ఫిలిప్పీన్స్‌లోని మా ఇలోయిలో ఊరి నుంచి అలాస్కాలోని యాంకరేజ్‌కు వచ్చిన మనిషికి ఇక్కడే స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట పోయింది. అక్కడ అమ్మ లేదు, చూసేవాళ్లు లేరు. గ్రీన్ కార్డు రాకపోతే నాన్నను ఎవరి చేతుల్లో పెట్టి పంపను?

డాక్టర్ ఉత్తరం ఉంటే ఆయన బదులు నేనే జవాబులు చెప్పొచ్చని లాయర్ అన్నాడు. నాన్న ఎడమ చేత్తో బల్ల గుద్దాడు. మా ఊళ్లో జనాన్ని ఎక్కించుకునే జీప్నీ బండి నడిపినన్నాళ్లూ ఇంకొకరిని స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. మొండివాడు రాజు కంటే బలవంతుడు.

జనవరి 26

చర్చి కాయిర్‌లో పాడే నెనింగ్ అక్క పుట్టినరోజు. భోజనాలయ్యాక పాటలకు మార్కులేసే కరవోకే మెషీన్ పెట్టారు. మైకు చేతులు మారుతూ వచ్చి నాన్న ఒళ్లో పడింది. ఎవరో తీసేయబోయారు. నాన్న వదల్లేదు, పాడాడు. చరణం మొత్తం, ఒక్క మాట తప్పకుండా. ఇన్ని నెలలుగా "నీళ్లు" అనలేని నోరు!

వంటింట్లోకి పోయి ఏడ్చాను. తిరిగి వచ్చేసరికి రెండో పాటలో ఉన్నాడు. మెషీన్ తొంభై మార్కులు వేసిందని నెనింగ్ అక్క కుళ్లుకుంది. ఆమెకు ఎప్పుడూ డెబ్బై దాటవు.

ఫిబ్రవరి 2

మెదడులో పాట ఉండే చోటు వేరట. మాటను రాగం మీద ఎక్కించి బయటికి తేవచ్చని స్పీచ్ థెరపిస్ట్ చెప్పింది. మొదలెట్టాం. పేరుకో రాగం, పుట్టిన తేదీకో రాగం.

ఫిబ్రవరి 20

కమ్యూనిస్టు పార్టీలో ఉన్నారా అని ఇంటర్వ్యూలో తప్పక అడిగే ప్రశ్నకు జోలపాట రాగం కుదిరింది. నవ్వలేక చచ్చాను.

మార్చి 13

నాన్న గుర్రు పెడుతున్నాడు. నాకు నిద్ర లేదు.

మార్చి 14

ఆఫీసర్ బ్రాండ్‌వోల్డ్ మొహంలో నవ్వన్నదే లేదు. ప్రమాణానికి కుడి చెయ్యి ఎత్తమంది. అది లేవదు కదా, నాన్న ఎడమ చెయ్యి ఎత్తి, నిజమే చెబుతానని రాగం తీశాడు. ఆమె పెన్ను ఆపింది. ఎందుకు పాడుతున్నాడని అడిగింది.

దుబాసీగా వచ్చిన నెనింగ్ అక్క గాభరా పడిపోయింది. "మా ఊరోళ్లంతా ఇంతేనండీ. తిట్టుకున్నా పాడినట్టే ఉంటది," అంది.

పూర్తి అబద్ధం కాదు, మా ఊరి ఇలాంగో యాసకు సాగతీత ఎక్కువ. కానీ దుబాసీగా అక్క కూడా ప్రమాణం చేసిన మనిషే. లేచి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. మాట పోయింది, పాట మిగిలింది, ఇది ఎగతాళి కాదు, డాక్టర్ ఉత్తరం ఫైల్లోనే ఉంది. ఆఫీసర్ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివి, సరే పాడమనండి అంది.

పేరు పాడాడు. తేదీ పాడాడు. పార్టీ ప్రశ్నకు "లేనే లేను" అని చివరి స్వరం ఎంత పొడుగ్గా పట్టాడంటే పక్క గదిలోంచి ఒకాయన తొంగి చూశాడు.

అప్పుడు ఆమె, ఇక్కడే ఎందుకు ఉండిపోవాలనుకుంటున్నారని అడిగింది. ఇది మేం సాధన చెయ్యలేదు. నాన్న దగ్గర దీనికి రాగం లేదు. జవాబు నా నాలుక మీదే ఉంది, పళ్లు బిగించి ఆపుకున్నాను. ఆయన పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. ఆఖరికి ఏ పాటకూ చెందని రాగం ఒకటి వచ్చింది.

"నా బిడ్డ... ఇక్కడుంది. నేను... ఇక్కడుంటా."

నెనింగ్ అక్క అనువాదం మర్చిపోయి ముక్కు తుడుచుకుంటోంది. అక్కర్లేదన్నట్టు ఆఫీసర్ చెయ్యి ఊపింది. అక్కడికక్కడే అప్రూవ్ చేసింది.

గెలిచాం! నేను కాదు, నాన్న గెలిచాడు. పార్కింగ్‌లో మంచులో నిలబడి ముగ్గురం సిగ్గు లేకుండా పాడుకున్నాం.

ఏప్రిల్ 3

కార్డు వచ్చింది. నాన్న దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు.

ఏప్రిల్ 19

చింతపండు వేసి మా సినిగాంగ్ పులుసు చేశాను. నాన్న ఒక చెంచా నోట్లో పెట్టుకుని, రాగం ఏమీ లేకుండా, "పులుపు చాల్లేదు," అన్నాడు.