గట్టిగా అన్న ఆమెన్

జూలై 14, 1996. ఆదివారం.

ఇవాళ ఆరాధన అయ్యాక మండలం ఆఫీసరు మా చర్చికే వచ్చారు. కాలనీలో అందరూ కూర్చునే చోటు అదొక్కటే. సర్కారు మాకు ఒక్క పనికే డబ్బులిస్తుందని నిన్ననే తెలిసింది. పక్క జాగాలో డిగ్రీ కాలేజీ కావాలో, సిమెంటు రోడ్డు కావాలో మేమే తేల్చుకోవాలి.

కాలేజీ కోసం లేచి మాట్లాడాలని నిన్నటి నుంచీ మాటలు కూర్చుకుంటున్నాను. నా బిడ్డ రూతు ఇంటర్ పాసై ఇంట్లోనే ఉంది. రోజూ సిటీ దాకా బస్సులో పంపడానికి వాళ్లమ్మ ఒప్పుకోదు.

నేను లేచేలోపే పాస్టరుగారు, "జర ప్రార్థన చేసుకొని మాట్లాడుకుందం" అన్నారు. పొద్దున బురదలో జారిపడ్డ మనిషి, ఆయన మనసంతా దాని మీదే ఉన్నట్టుంది. "ప్రభువా, మా రోడ్డు నీ చేతుల్ల పెడుతున్నం" అని ముగించారు. అలవాటుగా అందరం ఆమెన్ అన్నాం. నేనైతే గట్టిగానే అన్నాను.

ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. "అందరూ ఒకే మాట మీద ఉన్నారు. అయితే రోడ్డే రాసుకుంటానండీ" అన్నారు. ప్రార్థనకు అడ్డు చెప్పినట్టవుతుందని ఎవరూ నోరు మెదపలేదు. పాస్టరుగారు కూడా తల వంచుకున్నారు. రేపు ఆఫీసుకు పోయి అడిగితే మారుస్తారేమో. కానీ ఏమని అడగాలి...

ఇంటికొచ్చాక రూతు, "ఏంది బాపు గట్లున్నవ్? రోడ్డు గూడ మంచిదే గద" అంది.

అన్నం ముందు ప్రార్థన తనే చేసింది. రోడ్డు ఇచ్చినందుకు దేవుడికి వందనాలు చెప్పింది. వాళ్లమ్మ ఆమెన్ అంది. నేను మాత్రం ఆమెన్ అనకుండానే అన్నం కలుపుకున్నాను.