తెర మధ్యలో పేరు

మంగళవారం, రాత్రి

కంటి డాక్టరమ్మ పొద్దున చెప్పింది. రెటీనా కణాలు తమలో చేరిన చెత్తను అరిగించుకుని, పనికొచ్చేదాన్ని మళ్లీ వాడుకుంటాయట. నా కళ్లలో ఆ పని మందగించింది. చెత్త పేరుకుని చూపు మధ్యలో మచ్చ పడింది. అది పెరుగుతుందట.

సాయంత్రం ఫిల్మ్‌నగర్‌లో, నేనెప్పుడో రాసిన కోర్టు సీనును మా డైరెక్టరు తన సొంతంలా హీరోకి వినిపించాడు. దొంగ వెధవ! వాడికి పాతదంతా చక్కగా అరుగుతుంది. ఎదురుగా కూర్చున్నా వాడి చెవులే కనబడ్డాయి, మొహం కనబడలేదు. మంచిదే.

బయటికొచ్చాక నిలదీశాను. "ఈసారైనా నా పేరు వేస్తావా?"

"వచ్చే సినిమాకి సింగిల్ కార్డే వేస్తా గురువుగారూ, మీ మీదొట్టు!"

ప్రతి సినిమాకీ ఇదే ఒట్టు. సింగిల్ కార్డంటే టైటిల్స్‌లో పేరొక్కటే, సరిగ్గా తెర మధ్యలో. నాకు కనబడని చోట.