టీ బల్ల దగ్గర కొట్టేసిన వాక్యం

చిరంజీవి తమ్ముడికి, అక్క దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. అక్కడ మీరంతా కులాసా అని తలుస్తాను అని రాయడం వాడుక గానీ, మరదలు నీ ఉత్తరం అడుగున ఇరికించి రాసిన నాలుగు లైన్లు చదివాక ఆ మాట కలంలోంచి రావడం లేదు. మెట్లెక్కలేక మంచాన్ని కింది గదిలోకి దించుకున్నావట. నవ్వితే దగ్గు తెరలు తెరలుగా వస్తుందని నవ్వడమే మానేశావట. చిన్నప్పుడు బడిలో నవ్వినందుకే బెంచీ ఎక్కినవాడివి. నువ్వు నవ్వని ఇల్లు ఎలా ఉంటుందో నా ఊహకు అందడం లేదు.

మీ బావ కంటి ఆపరేషన్ సంగతి అడిగావు. బాగా జరిగింది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి మళ్లీ వెళ్తున్నాడు. కొత్త కంటితో నా వ్యాసాల్లో తప్పులు రెట్టింపు కనబడుతున్నాయట. "కామా కూడా ఎవరినో పొడవడానికే పెడతావేంటి నువ్వు?" అన్నాడు మొన్న. "పొడవాల్సినవాళ్లు అంతమంది ఉన్నారు మరి" అన్నాను. వంటింటి కప్పు కారడం ఆగిందా అని కూడా అడిగావు. ఆగలేదు. కింద గిన్నె పెట్టాం. నిండుతోంది, పారబోస్తున్నాం.

ఇక మూడో ప్రశ్న. దీనికి జవాబు రాయడానికి పదకొండు రోజులు పట్టింది. నీ మాటల్లోనే తిరిగి రాస్తున్నాను: "అక్కా, నా నష్టపరిహారం విచారణలో డాక్ తరఫున అవతలి లాయరు లేచి, ఓడల పాత రంగు గీకే దుమ్ముతో ప్రమాదమని ఆ రోజుల్లో ప్రపంచంలో ఎవరికీ తెలియదు, అంతర్జాతీయ ఒప్పందంలో అలాంటి ప్రతిపాదనే ఎవరూ తేలేదు అన్నాడు. నువ్వు ఆ సభల్లో కూర్చున్నదానివి కదా. నిజమేనా? ఒక్క కాగితం ముక్కైనా లేదా?" వచ్చే నెల రెండో విచారణలో ఏదో ఒకటి చూపించకపోతే, నీ ఊపిరితిత్తుల జబ్బును నువ్వెప్పుడో మానేసిన సిగరెట్ల మీదికి నెట్టేసి ఫైలు మూసేస్తారన్నావు.

ఎవరికీ తెలియదట! ఆ మాట అనడానికి వాడికి నోరెలా వచ్చింది? నీకు తెలిసిన సంగతులు కూడా మొదటినుంచీ రాస్తాను. ఈ ఉత్తరం నువ్వు మీ లాయరుకు చదివి వినిపించాలి.

ఓడ అడుగు నీళ్లలో ఉన్నంతకాలం దానికి గుల్లలూ నాచూ అంటుకుంటాయి. అంటుకున్న కొద్దీ ఓడ ఎక్కువ నూనె తాగుతుంది. అంటకుండా ఉండటానికి తగరం కలిపిన విషపు రంగు పూసేవారు. ఆ విషం గుల్లలతో ఆగలేదు. రేవుల్లో ఆడనత్తలకు మగ అవయవాలు మొలిచాయి. గుడ్లు పెట్టడం ఆగిపోయింది. దాన్ని నిషేధించమని మాబోటివాళ్లం పత్రికల్లో రాశాం, రేవు గేట్ల ముందు నిలబడ్డాం. రంగుల కంపెనీలది ఏళ్ల తరబడి ఒకటే పాట: ఆధారాలు చాలవు, ఇంకా పరిశోధన జరగాలి. ఆ పరిశోధన చేసేది ఎవరయ్యా అంటే వాళ్లే! తర్వాత ఒక ఏడాది ఉన్నట్టుండి వాళ్లకు సముద్రం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. తగరం లేని కొత్త రంగు డబ్బాల్లోకెక్కిన ఏడాది అది. పాతదాన్ని నిషేధిస్తే ప్రపంచంలోని ప్రతి ఓడా కొత్త రంగు కొనాల్సిందే. చట్టమే వాళ్ల దుకాణం ముందు నిలబడి రమ్మని కేకలేస్తుంది. అంతకంటే చవకైన ప్రకటన ఎక్కడ దొరుకుతుంది చెప్పు?

అలా వచ్చారు వాళ్లు, నిషేధపు ఒప్పందం రాయడానికి దేశాలన్నీ కూడిన ఆ సభకు. దేశాల పేరు పలకల వెనక కూర్చున్నవాళ్లలో ఎంతమంది కంపెనీల జీతగాళ్లో నేను వేళ్ల మీద లెక్కపెట్టి, వేళ్లు చాలక వదిలేశాను. మెడలో ప్రభుత్వం బిళ్ల, జేబులో కంపెనీ కార్డు. అది చాలదన్నట్టు పరిశీలకుల వరసలో వాళ్ల సంఘానికి వేరే బల్ల. అధికారులకు రసాయనాలు తెలియవు, రంగు గురించి తెలిసినవాడు రంగు తయారుచేసేవాడే కదా అని ముసాయిదా వాళ్ల చేతిలో పెట్టారు. ఏ రంగు ఆపాలి, ఎప్పటినుంచి ఆపాలి, ఏ పరీక్షలో నెగ్గితే మంచిదనాలి, అంతా వాళ్ల పలుకుబడే. తీర్పు రాసే బల్ల మీద ముద్దాయి మోచేతులు ఆనించి కూర్చుంటే అందరూ దాన్ని సహకారం అన్నారు.

పర్యావరణ సంఘాల తరఫున ఆ ముసాయిదా కమిటీలో ఒకే ఒక్క కుర్చీ దక్కింది. అందులో కూర్చున్నది మీ అక్క.

ఆ కమిటీలో ఒక పద్ధతి ఉండేది. ఏకాభిప్రాయం కుదరని వాక్యానికి రెండువైపులా బ్రాకెట్లు పెడతారు. కుదిరితే బ్రాకెట్లు తీసేస్తారు, వాక్యం నిలుస్తుంది. కుదరకపోతే వాక్యాన్నే కొట్టేసి, ఆ పక్కన ఇరువైపులవాళ్లూ పొడి అక్షరాల్లో సంతకం చేస్తారు. కొట్టేసినదాన్ని నివేదికలో ఎక్కడా చెప్పరు. అచ్చులో అది పుట్టనే లేదు. అవతలి లాయరు ధైర్యమంతా అదే. నివేదికలు తిరగేశాడు, కనబడలేదు, కాబట్టి ఎవరూ అనలేదు.

అన్నారు తమ్ముడూ. నేనే అన్నాను.

"పాత రంగును ఇసుక కొట్టి గీకేచోట గుడారం కట్టి దుమ్మును లోపలే పీల్చేయాలి, పనివాళ్లకు గాలిగొట్టం ఉన్న ముసుగు ఇవ్వాలి." ఈ వాక్యం నేను రాసింది. మూడు రోజులు బ్రాకెట్ల మధ్య బతికింది. నువ్వప్పుడు ఓడలు బాగుచేసే డాక్‌లో, గొట్టంతో ఇసుక కొట్టి రంగు గీకే పనిలో కొత్తగా చేరావు. "సాయంత్రం ముక్కు చీదితే ఎర్ర మట్టి వస్తోందక్కా, మేస్త్రీ ఏమో తడిగుడ్డ కట్టుకోరా చాల్లే అంటాడు" అని రాశావు. ఆ ఉత్తరం సంచిలో పెట్టుకుని వెళ్లే ఆ వాక్యం రాశాను.

అసలు బేరాలు హాలులో జరగవు, బయట టీ బల్ల దగ్గర జరుగుతాయి. నాలుగో రోజు రంగుల కంపెనీల సంఘం పెద్ద నా పక్కకొచ్చి నిలబడ్డాడు. గొంతెత్తి మాట్లాడగా ఎవరూ వినలేదు కాబట్టి మేమంతా అతన్ని మెత్తనయ్య అనేవాళ్లం.

"మీ నత్తలు బతకాలా వద్దా అమ్మా?" అన్నాడు, బిస్కట్టు విరిచి సగం నా సాసర్లో పెడుతూ.

"నత్తలు మావీ, విషం మీదీనా?" అన్నాను.

"మీ నోటికి మా ప్రయోగశాల మొత్తం వణుకుతుందమ్మా. సరే, సూటిగా చెప్తాను. ఆ గుడారాల వాక్యం ఉంటే డాకులవాళ్లు ఒప్పుకోరు. వాళ్లు ఒప్పుకోకపోతే మా వెనకున్న దేశాలు ఓటెయ్యవు. అది తీసెయ్యండి. నిషేధాన్ని రెండేళ్లు ముందే తెస్తాం. రెండేళ్ల విషం సముద్రానికి తప్పుతుంది."

"మరి గీకేవాళ్లో?"

"వాళ్ల కోసం వేరే సభలున్నాయి కదమ్మా. ఇక్కడ సముద్రం, అక్కడ పనివాళ్లు. అన్నీ ఒకే కుండలో ఉడకవు."

తమ్ముడూ, నేను ఒప్పుకున్నాను. పెన్ను అతనే ఇచ్చాడు. నా వాక్యాన్ని నేనే అడ్డంగా కొట్టేశాను. అతను పక్కన తన చేత్తో "దుమ్ము ప్రమాదం, పనివాళ్ల సంగతి: మరోచోట" అని రాసి పొడి అక్షరాలు వేశాడు. దాని కింద నేను వేశాను. టీ ఇంకా చల్లారలేదు.

లోపలికెళ్లాక చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సముద్రం గెలిచిందని పత్రికలో పెద్ద వ్యాసం రాశాను. నువ్వు దాన్ని కత్తిరించి డాక్‌లో బట్టలు మార్చుకునే గది గోడకి అంటించి, "మా అక్క రాయించిన చట్టం" అని అందరికీ చూపించావట. ఆ వ్యాసంలో పనివాళ్లు అనే మాట ఒక్కసారి కూడా లేదు. నువ్వు గమనించలేదు. గమనించినా నన్ను అడిగి ఉండవు.

నిషేధం రెండేళ్లు ముందుకొస్తే ఏమవుతుందో ఆ రోజు నాకు తట్టలేదు. ఇంత చదివినదాన్ని, అంత చిన్న లెక్క తట్టలేదు. గడువు దగ్గరపడి ఓడలన్నీ ఒకేసారి డాకుల మీద పడ్డాయి. పాత రంగంతా గీకేయాలి, తొందరగా గీకేయాలి. నీకు రోజుకు రెండు షిఫ్టులు పడ్డాయి. "పని తెగ దొరుకుతోందక్కా, నీ పుణ్యమే" అని రాశావు. ఆ ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. పనిలో పడి మర్చిపోయానని తర్వాత చెప్పాను.

వేరే సభలకు వెళ్లాను కూడా. వెళ్లలేదనుకోకు. రంగుల సంగతి రంగుల సభలో తేలిపోయింది కదా అన్నారు వాళ్లు. మెత్తనయ్యకు ఆ విషయం ముందే తెలుసు. నాకు తెలియదని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిజానికి అనుమానం ఉంది. కానీ గెలుపు చేతికందే దూరంలో ఉంది, నాకది కావాల్సొచ్చింది. తడిగుడ్డ కట్టుకోమన్న మేస్త్రీని నువ్వు ఇప్పటికీ తిట్టుకుంటావు. అతను తెలియక అన్నాడు. తెలిసి చేసినదాన్ని నేను.

"అప్పుడు నీకు వేరే దారి లేదు" అంటాడు మీ బావ. ప్రేమతో అనేదే గానీ తప్పు మాట. కాదు అని చెప్పడం ఒక దారి. ఆ దారిన నడవనివాళ్లని ఇరవయ్యేళ్లుగా పేరు పెట్టి మరీ ఉతికి ఆరేస్తున్నాను నేను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. రెండేళ్ల కిందట డాక్టరు నీ జబ్బుకు దుమ్ము కారణమన్నప్పుడు, ఆ సభల కాగితాలున్నాయా అని ఫోన్‌లో అడిగావు. ఇల్లు మారినప్పుడు పోయాయన్నాను. పోలేదు. కొట్టేసిన వాక్యం, మెత్తనయ్య చేతిరాత, రెండు జతల పొడి అక్షరాలు, అన్నీ నా బీరువాలో ఉన్నాయి. వాళ్లకు తెలుసని రుజువు చేసే కాగితం అదొక్కటే. నేను ఏం చేశానో చెప్పేదీ అదే. అందుకే దాచాను. నువ్వు రెండేళ్లు ఆధారం లేకుండా దగ్గావు.

ఆ కాగితం ఈ కవరులో లేదు. నీకు పంపితే ఏం చేస్తావో నాకు తెలుసు. అక్క పేరు బజారున పడుతుందని చింపేసి, దొరకలేదని లాయరుకు చెప్తావు. అందుకే ముందుగా మీ లాయరుకే రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు సంతకం చేసిన కార్డు ఇవాళ పొద్దున వచ్చింది. అది చూశాకే కలం పట్టాను. ఇక నువ్వు ఆపలేవు, నేనూ ఆపలేను.

పత్రికలవాళ్లు పండగ చేసుకుంటారు. నేను తిట్టినవాళ్లంతా వరసగా లేస్తారు. నాకేం బాధ లేదని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. బాధగానే ఉంది. అయినా విచారణకు వస్తున్నాను, ఆ అక్షరాలు నావేనని చెప్పడానికి. ఆ రోజు నాతో మాట్లాడాలని నీకు అనిపించకపోతే మాట్లాడకు. మరదలు తిడితే మాత్రం ఆపకు. ఊరుకోవే, పాపం అనకు. ఆమెకు ఆ హక్కుంది. తను చాలు అనేదాకా నిలబడి వింటాను.

ఇట్లు,
నీ తరఫున, నాకే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పబోయే
నీ అక్క