ఇరవై ఐదో పేజీ

సుమా,

రేపు గోవా రైల్లో చదవడానికి మూడు నవలలు అడిగావు. రెండే పంపుతున్నాను. బావిలో తాళంచెవి దొరికే నవల ముందు చదువు, దిగాల్సిన స్టేషన్ దాటిపోయినా తెలియదు. రెండోది కవల అక్కచెల్లెళ్ల కథ. ఆఖరి పేజీ ముందే చూశావంటే నీతో మాట్లాడను.

మూడోది అన్నిటికన్నా బాగుంటుందని హొన్నూరుస్వామి తన అద్దె పుస్తకాల అంగడిలో చేతికిచ్చాడు. అమ్మ అలవాటు గుర్తుందిగా? చదవడం అయిపోయాక ఇరవై ఐదో పేజీ మూలలో పెన్సిలుతో 'అ' రాసేది, అదే పుస్తకం మళ్లీ తెచ్చుకోకుండా. కన్నడ బడిలో చదివిన చెయ్యి కదా, తెలుగు పుస్తకంలోనూ కన్నడ 'అ'నే పడేది. దాని కింద నువ్వు తోక పొడుగ్గా లాగి 'సు' రాసేదానివి.

ఈ పుస్తకంలో ఆ కన్నడ 'అ' ఉంది. అమ్మ పోయి మూడేళ్లయింది.

"ఇది ఎవరు చదివారప్పా?" అని అడిగాను.

"యాడ చదివేదక్కా? పొద్దున్నే కొత్త పుస్తకాల కట్ట ఇప్పినా, ఇంకా ఎవురూ ముట్టలేదు" అన్నాడు.

అక్కడే పెట్టేసి వచ్చాను. అప్పట్నుంచి ఫోన్ చేస్తుంటే నువ్వు ఎత్తడం లేదు. ఈ సంచి తోరణగల్లులో నీ చేతికే ఇమ్మని కంపెనీ బస్సు డ్రైవరు యల్లేష్‌కి చెప్పాను. రేపు రైలెక్కొద్దు. ఇంట్లోనే కూర్చుని ఈ రెండూ చదువుకో.

నవ్వుతావని ఇందాక రాయలేదు. అమ్మ 'అ' కింద, తోక పొడుగ్గా లాగిన 'సు' కూడా ఉంది.

అక్క