పావుగంటసేపు రోగాలు ఆపుకోండి

మా ఇంటి పెద్దపోలీసుకి,

నీ ముసలాడు రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం, అక్కడ మీరూ బాగుండాలి. ఈ ముక్క లేకపోతే ఉత్తరం చెల్లదని మా అయ్య అనేవాడు, అందుకని రాశాను. నిజమో అబద్ధమో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో. మన చిన్నకూతురి చేత మాత్రం చదివించుకోకు. నా అక్షరాలు ఎంత వంకరగా ఉన్నా కూడబలుక్కుని నువ్వే చదువు. మాస్టారి దెబ్బలకి బడి ఎగ్గొట్టినవాణ్ణి కట్టుకున్నావు, అనుభవించు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. కోడలు నీ ఆజ్ఞ ప్రకారం ఉప్పు తగ్గించింది. ఇప్పుడు ఆవిడ కూర తిన్నా ఒకటే, గోడ నాకినా ఒకటే. చిన్నదాని కాలికట్టు విప్పారని రాశావు, సంతోషం. అయినా అది నిన్ను ఇప్పట్లో పంపదు చూడు. ఊరికే దొరికిన పనిమనిషిని ఎవరు వదులుకుంటారు?

ఇక అసలు ప్రశ్న. మనవడి గొంతు ఎందుకలా ఉందని అడిగావు. ఫోన్లో నీకు సగం మాటలు వినపడవు, ఇదొక్కటి ఎలా వినపడిందో! వాడి ఉద్యోగం పోయిందే. నా కళ్లముందే పోయింది.

వాడు స్కాన్ సెంటర్లో సర్వర్ చూసుకుంటాడని నీకు తెలుసు. నేను అక్కడే టోకెన్ల స్టూలు మీద కూర్చుని మైకులో నంబర్లు పిలుస్తాను. ఆ స్టూలు ఇప్పించిందీ వాడే. "మా తాతయ్య ఖాళీగా ఉంటే నానమ్మని పీక్కుతింటాడండీ" అని పెద్దడాక్టర్ని బతిమాలాడు. సర్వర్ అంటే ఏమిటో నువ్వెప్పుడూ నన్నడగలేదు. అడిగినా చెప్పలేకపోయేవాణ్ణి. చలిగదిలో ఒక పెట్టె ఉంటుంది, జనం ఎముకల బొమ్మలు, కడుపుల బొమ్మలు అన్నీ దాంట్లోకి వెళతాయి, అంతే.

అందులో నడిచే సాఫ్ట్‌వేర్ ఎవరూ అమ్మేది కాదట. ఊరూపేరూ లేని వాళ్లెవరో కూర్చుని రాసి, ఎవరైనా వాడుకోండి, లోపల ఎలా ఉందో విప్పి చూసుకోండి అని వదిలేస్తారట. "మరి దొంగ కూడా విప్పి చూస్తాడు కదరా?" అని ఒకసారి అడిగాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వాడు నవ్వలేదు. "చూస్తాడు తాతయ్యా. మంచివాళ్లూ చూస్తారు. కన్నం కనపడితే పూడ్చి, ఫలానా చోట కన్నం ఉండేది, పూడ్చాం, మీరూ పూడ్చుకోండని అందరికీ చాటుతారు. ఆ చాటింపు దొంగ కూడా వింటాడు. విన్నాక ఎవరింట్లో ఇంకా పూడ్చలేదా అని తిరుగుతాడు. మనం ఆలస్యం చేశామంటే దారి చూపించినట్టే."

ఆ పూడ్చుకోవడాన్నే అప్‌డేట్ అంటారట. దానికి పెట్టె ఒక పావుగంట ఆగాలి. బొమ్మలకి ఇంకో నకలు తీసి విడిగా దాచుకునేదీ అప్పుడే. ఆ గది తాళంచెవి ఉండేది పెద్దడాక్టరు జేబులో. ఆయన ఉన్నప్పుడే గది తెరవాలి, జనం ఉన్నప్పుడే ఆయన ఉంటాడు. అందుకని వారానికోసారి, హాలు కిటకిటలాడుతుండగా, వీడు నా స్టూలు పక్కన నిలబడి "సార్, అప్‌డేట్‌కి పావుగంట కావాలి" అని అడిగేవాడు.

నేను ఊరుకుంటానా? చేతిలో మైకు ఉంది.

"అయ్యలారా అమ్మలారా, ఇంజనీరుగారు పెట్టెకి నీళ్లు పోయడానికి వేంచేస్తున్నారు. పావుగంటసేపు మీ రోగాలు ఆపుకోండి!"

హాలంతా గొల్లుమంది. డొక్క పట్టుకుని మూలుగుతున్నాయన కూడా నవ్వాడు. ఆ మర్నాటికి వాడి పేరు పావుగంట అయిపోయింది. ఊడ్చే ఆవిడ "పావుగంటా, కాలు తియ్యి" అనేది. పెద్దడాక్టరు కూడా అందుకున్నాడు. "ఏం పావుగంటా, ఊరికే వచ్చిన సరుక్కి ఇంత సేవ దేనికయ్యా? బాగానే నడుస్తోంది కదా, వచ్చే వారం చూద్దాం." మళ్లీ నవ్వులు.

ఒకరోజు ఇంట్లో చెప్పులు విప్పుకుంటూ అన్నాడు. "తాతయ్యా, ఇంట్లో ఎన్నైనా అను. మైకులో మాత్రం వద్దు." సరేరా అన్నాను. అన్నానే గానీ ఆ వారం వాడు రాగానే జనం మొహాలన్నీ నావైపు తిరిగాయి, ఇప్పుడేం అంటాడా అని. ఇన్నేళ్లలో నా వంక అలా చూసినవాళ్లెవరే? అనేశాను. పోయినసారి కంటే బాగా అన్నాను.

ఆ తర్వాత వాడు అడగడానికి రావడం మానేశాడు. నేను గెలిచాననుకున్నాను.

మాల్వేరంటారు, పెట్టెలోకి దూరి పాడుచేసే దొంగసరుకు. అది దూరింది. ఒక పొద్దున వెళ్లేసరికి తెర మీద బొమ్మల్లేవు. అన్నిటికీ తాళం వేశాం, చెవి కావాలంటే బేరానికి రండి అని రాసుంది. దూరింది ఎక్కణ్నుంచో తెలుసా? ఎప్పుడో పూడ్చామని లోకమంతా చాటిన కన్నంలోంచే. నకలు తీసేది ఆ పావుగంటలోనే కాబట్టి అదీ పాతదే ఉంది.

బట్టలు కుట్టుకునే ఒకావిడ నా స్టూలు పట్టుకుని నిలబడిపోయింది. "బాబాయ్‌గారూ, పోయినసారి గడ్డ ఎంతుందో ఆ బొమ్మలోనే ఉంది. ఇప్పుడు పెరిగిందో లేదో దేంతో పోల్చి చూస్తారు?" అంది. మైకు కట్టేసి కింద పెట్టేశాను. నువ్వుండాల్సింది, నీ జన్మకి ఒకసారి చూసేదానివి.

ఒక్కొక్కళ్లనీ లోపలికి పిలిచి అడిగారు. పెద్దడాక్టరూ, ఆయన బావమరిదీ కూర్చున్నారు, సెంటరు లెక్కలు చూసేది ఆ బావమరిదే. మనవాడు బయట రోగుల బల్ల మీద ఉన్నాడు.

"ఏం పెద్దాయనా, మీ పావుగంట అప్‌డేట్‌కి టైం కావాలని నన్నెప్పుడైనా అడిగాడా? నాకైతే గుర్తులేదు. నీకేమైనా గుర్తుందా?"

ఇదే నేను నీకు చెప్పాల్సింది. ఇంతసేపూ ఉప్పు గురించీ గోడ గురించీ రాసింది దీన్ని వెనక్కి నెట్టడానికే.

ఆయనకేం కావాలో ఆ చూపులోనే తెలిసింది. అడిగాడండీ, ప్రతి వారం అడిగాడు, మీరే వద్దన్నారు, నేనే నవ్వించి మాన్పించాను అంటే సరిపోయేది. స్టూలు పోయేదేమో, పోనీ. నేనేమన్నానో తెలుసా?

"అడగడమే చేతనైతే ఈపాటికి వాడికి పెళ్లయిపోయేది కదండీ!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. బావమరిదికి పొలమారితే నేనే నీళ్లందించాను. పెద్దడాక్టరు నా భుజం తట్టాడు. ఆ సాయంత్రమే వాణ్ణి పంపేశారు.

దారిలో వాడు అన్నాడు: "నువ్వు లోపలుండగా నవ్వులు వినపడ్డాయి తాతయ్యా. ఎలాగోలా వాళ్ల మనసు మెత్తబరుస్తున్నావనుకున్నాను. నీ ప్రయత్నం నువ్వు చేశావు, వాళ్లు వినకపోతే నువ్వేం చేస్తావు?"

నేను కాదనలేదు.

ఇంటికొచ్చాక, చలిగదిలో వేసుకోమని నువ్వల్లిచ్చిన స్వెటర్ విప్పి నాకిచ్చాడు. "ఏసీ గాలి సరిగ్గా నీ స్టూలు మీదికే కొడుతుంది, వేసుకో" అన్నాడు. వేసుకున్నాను. ఇది రాస్తున్నప్పుడూ ఒంటి మీద అదే ఉంది. స్వెటర్ ఏదిరా అని వాణ్ణి అడక్కు.

వాడి చోట్లోకి ఇంకొకణ్ణి తెచ్చారు. మెడలో టై కట్టుకొస్తాడు. పావుగంట కావాలని అతను అడగాల్సిన పని కూడా లేదు, పెద్దడాక్టరే తాళంచెవి తీసుకుని ఎదురెళతాడు. "అప్‌డేట్ జరుగుతోంది, దయచేసి పావుగంట కూర్చోండి" అని ఇప్పుడు మైకులో నేనే చెప్పాలి. చెప్తున్నాను. ఎవరూ నవ్వరు, అందరూ బుద్ధిగా కూర్చుంటారు.

ఈ ఉత్తరం టపాలో వెయ్యడం లేదు. రేపటి బస్సుకి వాడు నీ దగ్గరికొస్తున్నాడు కదా, వాడి చేతికే ఇచ్చి పంపుతున్నాను. కవరు గట్టిగా కూడా అంటించలేదు. విప్పి చూడడు. తలుపు బార్లా తెరిచున్నా తట్టి లోపలికొచ్చే రకం వాడు.

నువ్విది చదువుతుంటే వాడు ఎదురుగానే కూర్చుని ఉంటాడు. తాతయ్య నా తరఫున మాట్లాడాడు నానమ్మా అని ఈపాటికి నీకు చెప్పేసే ఉంటాడు. ఇప్పుడు నీ మొహమే చూస్తుంటాడు. ఏం రాశాడు నానమ్మా, మళ్లీ జోకులేనా అని అడుగుతాడు. ఏం చెప్తావో నీ ఇష్టం. నాకు ధైర్యం చాలక ఆ పని నీ నెత్తిన పెట్టాను.

ఇట్లు,
నీ మనవడికి తాత