అటక మీంచి దించిన వాచీల పెట్టె

ఏమండీ,

నేను డ్యూటీకి వెళ్తున్నా. భోజనం మూతపెట్టి ఉంది, వేడి చేసుకోండి. మాత్ర ఇక పొద్దున కాదు, రాత్రి తిన్నాక. పొద్దున వేసుకుంటే మధ్యాహ్నందాకా చేతులు వణుకుతున్నాయని మీరు నిన్న నోరు విప్పాకే డాక్టరమ్మ మార్చారు. ఆ మాట నెల ముందే నాకు చెప్పి ఉంటే మీ సొమ్మేం పోయేది?

సరే, తప్పు నాదీ ఉంది. మా అన్నయ్యకి ఇలాంటి దిగులే అలా తగ్గింది కదా అని ఆయన నడక, ఆయన విశ్రాంతి అన్నీ మీ మీద రుద్దాను. పని మానితే మనసు కుదుటపడుతుందని, మీరు వాచీలు బాగుచేసే పెట్టెని అటకెక్కించాను. డాక్టరమ్మేమో నిన్న "రోజులో మీకు ఎప్పుడు బాగుంటుంది?" అని అడిగారు. "వాచీ విప్పుకుని కూర్చున్నప్పుడు బాగుండేది" అన్నారు మీరు. మూడు నెలల్లో నాకు తట్టని ప్రశ్న అది.

పెట్టె దించాను. కిటికీ పక్క బల్ల మీద ఉంది. రోజుకి ఒక్క వాచీ, గంటసేపు, అంతే. నడక మీ ఇష్టం. ఈసారి తగ్గుతుంది, చూస్తూ ఉండండి.

వంటింటి గడియారం కూడా బల్ల మీద పెట్టాను. పెట్టె అటకెక్కించిన వారానికే ఆగింది. బయట ఇవ్వబుద్ధి కాలేదు.