సుజాత పుస్తకంలో మా ఇంటి కండెలు

14-8-2003, గురువారం
చీరాల

మా సుజాతకు సివిల్స్ రాయడానికి ఇదే ఆఖరి అవకాశం. సోషియాలజీకి కోచింగ్ వాళ్ళ నోట్సు కొనాలా, లావు పుస్తకం కొనాలా అని బ్రాడీపేట పుస్తకాల కొట్లో అరగంట తేల్చుకోలేకపోయింది.

"రెండూ చదివే టైం లేదమ్మా. నువ్వు ఖాళీయేగా, చదివి చూడు. నీకేది అర్థమైతే అదే తీసుకుంటా" అంది.

నోట్సులో అన్నీ నంబర్లు వేసిన ముక్కలే. లావు పుస్తకం తెరిస్తే, మగ్గం మీది మగవాడినే నేతగాడంటారనీ, నూలు కండెలు చుట్టే ఆడవాళ్ళ పని ఎవరూ లెక్కపెట్టరనీ ఉంది. ఆమధ్య జనాభా లెక్కల వాళ్ళు వచ్చినప్పుడు ఈయన "మా ఆవిడ ఖాళీయేనండి" అని రాయించారు. అప్పుడు కూడా ఈయన మగ్గానికి కండెలు చుడుతూ నా చేతికింద రాట్నం తిరుగుతూనే ఉంది.

"ఇదే కొనవే" అన్నాను.

"అంత నచ్చిందా?"

"మనింటికొచ్చి చూసి రాసినట్టుంది."

ఇంటికొచ్చి పుస్తకం నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టాను. అట్ట వేసే వంకతో ఆ అధ్యాయమంతా చదివేశాను. ఇప్పుడు దిగులుగా ఉంది. పరీక్షకు పనికొస్తుందని చెప్పానా, అందులో నేను కనిపించానని చెప్పానా? స్వామీ, ఒక్క ప్రశ్నయినా ఆ పేజీలోంచి వచ్చేలా చూడు.